వెనకవైపు స్తంభాలు

మా ఇంటిని పైనుంచి నేను మొదటిసారి చూసింది శిశిర్‌దా బల్ల మీద.

భవానీపూర్‌లో భూమి కింద రైలు నడవడం మొదలైన మరుసటి ఏటి వానాకాలం అది. ట్రాము రోడ్డు వెనక ఒక పాత మేడలో, మొదటి అంతస్తులో శిశిర్ లాహిరి గారి ఆఫీసు ఉండేది. ఆయన ఆర్కిటెక్టు. బెంగాలీ వాళ్ళ పద్ధతిలో శిశిర్‌దా, అంటే శిశిర్ అన్నయ్య, అనేదాన్ని. ఆయన ఊహించి పెన్సిలుతో వేసినదాన్ని కొలతల ప్రకారం ట్రేసింగ్ కాగితం మీద సిరాతో దించడం నా పని. డ్రాఫ్ట్స్‌మన్ అనేవాళ్ళు నన్ను. ఆడదాన్నని ఎవరూ ఆ మాట మార్చలేదు, మార్చమని నేనూ అడగలేదు. వానల్లో ట్రేసింగ్ కాగితం చెమ్మ పీల్చి అప్పడంలా వంకర్లు పోయేది. నా చెయ్యి మాత్రం వంకర పోయేది కాదు. ఆ సంగతి శిశిర్‌దాకీ తెలుసు, నాకూ తెలుసు.

ఆ ఉదయం ఆయన మంచి హుషారుగా ఉన్నాడు. తన పెన్సిలు బొమ్మ నా ముందు పరిచాడు.

"పుష్పసభ వాళ్ళ తోట తెలుసుగా? పూల ప్రదర్శనలకి అక్కడొక మందిరం కట్టాలట, వాళ్ళ కార్యదర్శి ఘోషాల్ అడిగాడు. ముందు ఆరు రోమన్ స్తంభాలు, పైన త్రికోణం, కింద వెడల్పాటి మెట్లు, అంతా పాత పద్ధతే. నా సర్వీసులో ఇలాంటిది అడిగినవాడు లేడు నాగేశ్వరీ. అందరికీ సిమెంటు పెట్టెలే కావాలి."

బొమ్మ చాలా బాగుంది. స్తంభాలు కింద కాస్త బొద్దుగా మొదలై పైకి పోతూ సన్నబడ్డాయి. ఎక్కడా ఒక్క గీత ఎక్కువ లేదు. దాని కింద స్థలం తాలూకు సర్వే పటం ఉంది. దక్షిణాన తోట గేటు, మధ్యలో పచ్చిక, ఉత్తరాన సందు. సందు పక్కన, సరిగ్గా మందిరం రావలసిన చోట, వరసగా ఆరు చిన్న గళ్ళు. వాటి మీద అడ్డంగా గీతలు కొట్టి "తీసివేయవలసిన షెడ్లు" అని రాసి ఉంది.

"శిశిర్‌దా, ఈ మూడోది మా ఇల్లు" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి పటాన్ని చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

"సర్వేవాడు షెడ్లని రాశాడే!"

"పెంకుల కప్పు కదా, అలాగే కనిపించి ఉంటుంది. మాలీల లైన్లంటారు వాటిని. ఆరు కుటుంబాలున్నాం. మా నాన్న ఆ తోటలో పెద్దమాలీ."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "ఈ పని నువ్వు చెయ్యొద్దులే. ఇంకెవరిచేతైనా గీయిస్తాను" అన్నాడు.

"వద్దు. నేనే గీస్తాను. కాకపోతే తొందర పెట్టకండి" అన్నాను.

*

ఇంటికి వెళ్ళేసరికి ఆ కబురు నాకంటే ముందే వచ్చేసింది. నాన్న మంచం మీద కూర్చుని, గాలిలో చేతులతో స్తంభాలు నిలబెడుతున్నాడు.

"ఘోషాల్ బాబు నన్ను లోనికి పిలిచి మరీ లాహిరి బాబు ఏసిచ్చిన సిత్తుబొమ్మ సూపించినాడే. ఇన్నాళ్ళూ ఆ రేకుల పందిరి కింద పూలెట్టినాం గదా, ఇంక సూసుకో! గేటుకాడ నిలబడితే ముందు పచ్చిక, దానెనకాల తెల్లటి కోట. ఆ మెట్ల మీద నా డాలియా కుండీలు వరసగా పెడితేనా..."

అమ్మ బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు.

"ఎక్కడ కడతారంట?"

"ఈ తోటలోనే."

"తోటలో ఎక్కడ?"

నాన్న చేతులు కిందికి దిగాయి. "ఇక్కడే. లైన్లు తీసెత్తారంట. మనకి ఊరి సివర బెహాలా అవతల గదులు కట్టించి ఇత్తాడంట బాబు. పక్కా గదులే తవిటమ్మా, స్లాబేసి."

మా అమ్మ సందు చివరున్న ఆడపిల్లల బడిలో ఆయా. పక్క గది అప్పలకొండమ్మ నాలుగిళ్ళవతల ఒక మంచాన పడిన ముసలావిడకి సేవ చేసేది. లైన్లలో ఆడవాళ్ళందరి పనులూ నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉన్నాయి.

"బెహాలా అవతలనించి బడి గంట కొట్టే యేళకి నానెలాగొస్తాను? అప్పలకొండమ్మ ఆ ముసలామెకి మందెలాగేస్తాది?" అంది అమ్మ.

"ఇంకెన్నాళ్ళు సేస్తావే ఆ పని? నాను రిటైరైపోతే ఈ గదెలాగూ ఒగ్గేయాల గదా."

"మనం ఒగ్గేస్తాం. మనెనకాల ఇంకో మాలీ వస్తాడు. ఆడి పెళ్ళాం ఎక్కడుంతాది?"

నాన్నకు కోపం వచ్చింది.

"నీకు తోటంటే ఇష్టం లేదు. అదీ సంగతి."

"నాకు ఇల్లంటే ఇష్టం" అని అమ్మ చేట తీసుకుని లేచిపోయింది.

అక్కడితో ఇద్దరి మధ్యా మాటలు ఆగిపోయాయి. అన్నం వడ్డించమనడం దగ్గర్నించి గొడుగు ఎక్కడుందో అడగడం దాకా అన్నీ నా ద్వారానే నడిచేవి. ఇద్దరూ ఒకే గదిలో ఉండి, నా మొహం చూసి ఒకరితో ఒకరు మాట్లాడుకునేవారు. వానలు ముదిరేకొద్దీ అది నాకు కూడా అలవాటైపోయింది.

ఒకరోజు అమ్మ నన్నే నిలదీసింది.

"ఆ బొమ్మ నువ్వే గీస్తన్నావంట గదే?"

"అవునమ్మా."

"అయితే మన ఇల్లు ఎక్కడెట్టినావు?"

"ఇంకా పెట్టలేదు. పెడతాను."

ఎలా పెడతానో ఆ నిమిషానికి నాకు తెలియదు. అమ్మ నా మొహం పరీక్షగా చూసి, పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

*

చివరి గదిలో ఉండే బైరాగి మామ యూనియన్ మనిషి. ఒక సాయంత్రం కర్రకు చుట్టిన ఎర్రజెండా చంకలో పెట్టుకుని వచ్చాడు.

"పార్టీ ఆఫీసులో దాదా మాటిచ్చినాడు. రేపు పొద్దున పచ్చికలో జెండా పాతేస్తాం. అప్పుడు ఒక్క పెంకు తీయమను సూద్దాం, ఎవుడు తీస్తాడో."

నాన్న ఒక్క ఉదుటున లేచాడు. "నా పచ్చికలో గొయ్యి తవ్వుతావేట్రా? వానలకి ఇప్పుడిప్పుడే ఏరు పట్టింది అది!"

"పచ్చిక ముఖ్యమా, మడుసులు ముఖ్యమా పెద్దమాలీ?"

"నాకు రెండూ ముఖ్యమే!"

గొంతులు విని మిగిలిన గదుల వాళ్ళు గుమ్మాల్లోకి వచ్చారు. నేను మధ్యలోకి వెళ్ళాను.

"మామా, ఆ జెండా ఎక్కడికీ పోదు. నాకు ఈ ఆదివారం దాకా టైమియ్యి. నేను ఇంకో బొమ్మ వేస్తున్నాను."

"బొమ్మల్తో పనులౌతాయేటే పిల్లా?"

"లైన్లు తీయమన్నది కూడా ఒక బొమ్మే కదా మామా."

బైరాగి మామ నవ్వాడు. "నోరుందిరా నీ కూతురికి" అని నాన్నతో అని, జెండాని మళ్ళీ చంకలోకి నెట్టుకుని వెళ్ళాడు.

బొమ్మ వేస్తున్నానని అందరి ముందూ అనేశాక, వేయక తప్పలేదు. మర్నాడు ఆఫీసులో కరెంటు లేదు. కిటికీ దగ్గరికి బల్ల జరుపుకుని, సర్వే పటం మీద మందిరం ప్లాను పరిచి, దాని మీద తెల్ల ట్రేసింగ్ పెట్టాను. మూడు కాగితాల్లోంచీ అన్ని గీతలూ కనిపిస్తున్నాయి. మందిరానికి ఉత్తరం వైపు ఒక పొడవాటి గోడ. కుండీల మెట్లు పెట్టడానికి ఆ గోడకు కిటికీ కూడా ఉండకూడదన్నారు. గోడ వెనక శిశిర్‌దా ఒక క్రోటన్ మొక్కల వరస గీశాడు. ఆ గోడ పొడవూ మా లైన్ల పొడవూ ఇంచుమించు ఒకటే.

క్రోటన్ల స్థానంలో గదులు గీశాను. గోడ ఒకటే. అటు మొహం పచ్చిక వైపు, ఇటు మొహం సందు వైపు. ప్రతి గదికీ సందు వైపు కిటికీ, వెనక వంటకి చోటు, అన్నిటికీ కలిపి ఒక వసారా, ఒక పక్కన తోటలోకి పోయే సన్నటి దారి. మెట్లకీ పచ్చికకీ మధ్య వదిలిన ఖాళీలోకి మందిరాన్ని కాస్త జరిపితే సరిపోయింది.

శిశిర్‌దా వచ్చి నా భుజం మీదుగా చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత తనలో తనే నవ్వుకున్నాడు.

"విలాయతి తోటల్లో అద్దాల ఇళ్ళుంటాయి చూడు, వాటి గోడ వెనకే మాలీల గదులుండేవి. పాత పుస్తకాల్లో ఎన్నిసార్లు చూశానో. నాకెందుకు తట్టలేదు?"

"మీరు ముందువైపు నుంచి మొదలుపెట్టారు. నేను వెనకవైపు నుంచి."

"ఘోషాల్ ఒప్పుకోడు."

"ఒప్పుకునేలా గీద్దాం."

"సరే. ఆదివారం వచ్చి నేల నేనే చూస్తాను. మీ వాళ్ళని కూడా అడగాలి కదా, ఆ గదుల్లో ఉండేది వాళ్ళు" అన్నాడు.

*

ఆదివారం ఆయన వచ్చేదాకా ఆగి మరీ కురిసింది వాన. కొలతల టేపు విప్పకముందే సందు కాలువైపోయింది. ఆరడుగుల మనిషి మా గుమ్మంలోంచి వంగి లోపలికి వచ్చి, మంచం మీద ఒక మూల ఒదిగి కూర్చున్నాడు. అమ్మ తువ్వాలు ఇచ్చింది. నాన్న గుమ్మం బయట చూరు కిందే నిలబడ్డాడు. ఇంట్లో మాటలు లేవు కాబట్టి వానలో నిలబడటమే నయమనుకున్నట్టున్నాడు.

బొమ్మని మంచం మీద విప్పి, చుట్టుకుపోకుండా నాలుగు మూలలా చెంబులూ గ్లాసులూ పెట్టాను. అమ్మ దగ్గరికి వచ్చింది. వేలితో ఒక్కొక్కటే చూపించాను.

"ఇది మన గది. ఇక్కడ కిటికీ. ఇది పొయ్యి. పొగ ఇటు పోతుంది. ఇది వసారా."

"కిటికీ పెద్దదేనా?"

"ఇప్పటిదానికి రెండింతలు."

అమ్మ వేలు గదుల మీంచి మెల్లగా జరిగి, గోడ దాటి, అవతలికి వెళ్ళింది. "ఈ గుండ్రాలేటి?"

"స్తంభాలమ్మా. పైనుంచి చూస్తే అలాగే కనిపిస్తాయి."

"అటేపున్నాయి. మనేపు లేవేటి?"

"మన వసారాకి ఇనప గొట్టాలు పెట్టాం."

అమ్మ శిశిర్‌దా వైపు తిరిగి, బడిలో పంతులమ్మలతో మాట్లాడే బెంగాలీలో, "దాదా, ఆమాదేర్ దికే థామ్ నేఇ కేనో?" అని అడిగింది. మా వైపు స్తంభాలెందుకు లేవు అని. వెటకారం ఏమీ లేదందులో. దుకాణంలో ఒక వస్తువు కనపడకపోతే అడుగుతామే, అలా అడిగింది.

శిశిర్‌దా తువ్వాలు మడిచి ఒడిలో పెట్టుకున్నాడు.

"అటు చూసేవాళ్ళు ఎవరూ ఉండరని..." అన్నాడు.

"మేం చూస్తాం గదా" అంది అమ్మ.

అప్పుడాయన జేబులోంచి పెన్సిలు తీశాడు. గీస్తాడనుకున్నాను. నా వైపు చాచాడు.

"గియ్యి."

మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని గీశాను. ముందువైపు వాటంత లావువి కావు, వాటంత ఎత్తూ కావు. ఇటుకతో కట్టి సున్నం పూసేవి, నునుపైనవి. గదికీ గదికీ నడుమ ఒకటి, ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి. శిశిర్‌దా ఒక్కచోట మాత్రం వేలు పెట్టి, "కింద పీట ఇంకాస్త వెడల్పు చెయ్యి, లేకపోతే నేలలోకి దిగిపోయినట్టుంటుంది" అన్నాడు. చేశాను.

గుమ్మంలోంచి నాన్న గొంతు వినిపించింది. ఎప్పుడు తొంగిచూశాడో తెలీదు.

"ఆ మూల తంబం కాడ కొంచెం నేల ఒగ్గేయమ్మా. అక్కడ మాలతి పాకిద్దుం."

ఆ మాట ఎవరితో అన్నాడో చెప్పలేను. నా వైపైతే చూడలేదు.

"మాలతొద్దు. జాజి" అంది అమ్మ, బొమ్మ మీంచి తల తిప్పకుండా.

"జాజికి ఎండ సాలదక్కడ."

"సాల్తాది. పొద్దుటెండ వస్తాది, నాకు తెల్దేటి?"

నాన్న తడిసిన కాళ్ళు గోనెపట్టా మీద తుడుచుకుని లోపలికి వచ్చాడు. అమ్మ మంచం చివర కాస్త జరిగింది. ఇద్దరూ కలిసి ఆ మూల స్తంభం వైపు వంగి చూశారు. నేను అక్కడ కొంచెం నేల వదిలి, మట్టి అని రాశాను.

*

పుష్పసభ కార్యదర్శి నిరుపమ్ ఘోషాల్ బాబు చెడ్డమనిషి కాదు. తెల్లపంచె కట్టుకుని, కర్ర ఊతంతో రోజూ పొద్దున్నే తోటకు వచ్చి, నాన్నతో సమానంగా మట్టిలో చేతులు పెట్టేవాడు. తోటలో ఏ మొక్క ఎక్కడినుంచి వచ్చిందో చెప్పగలిగేవాడు. ఆ మొక్కల వెనక ఉన్న ఆరు గదుల్లో ఎవరుంటారో మాత్రం ఎప్పుడూ ఆలోచించి ఉండడు.

సభ్యులందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. నాన్న గోడవారగా నిలబడ్డాడు. బైరాగి మామ ఎందుకైనా మంచిదని జెండాతో సహా గేటు బయట టీ దుకాణంలో కూర్చున్నాడు.

ఘోషాల్ బాబు ముందువైపు బొమ్మని మురిపెంగా చూశాడు. తర్వాత రెండో కాగితం తీశాడు. కనుబొమలు ముడిపడ్డాయి.

"ఇదేమిటి లాహిరీ? మాలీల గదులా? పైగా వాటికి స్తంభాలా?"

"నాగేశ్వరి చెబుతుంది" అన్నాడు శిశిర్‌దా, కుర్చీలో వెనక్కి వాలి.

అంతమంది ముందు నేను అప్పటిదాకా మాట్లాడలేదు. లేచి నిలబడగానే భయం వేస్తుందేమో అనుకున్నాను. బొమ్మ నాది, అందులో నాకు తెలియని గీత లేదు. భయం వేయలేదు.

"గోడ ఎలాగూ కట్టాలి బాబూ. దానికి రెండోవైపు కూడా వాడుకుంటున్నాం. పచ్చికలో ఒక అడుగు కూడా ఎక్కువ పోదు, గీత గీసి చూపించాను. వేరేచోట గదులు కట్టే పనీ తప్పుతుంది. ఇక స్తంభాలంటారా, సందులోంచి వచ్చేవాళ్ళకి కనిపించేది ఆ వైపే. అటు బోసిగా వదిలేస్తే మందిరం కాదు, గోదాము అనుకుంటారు."

ఒకరిద్దరు తలలూపారు. ఘోషాల్ బాబు ఊపలేదు. నాన్న వైపు తిరిగాడు.

"కోదండం, నువ్వు బెహాలాకి ఒప్పుకున్నావు కదా?"

నాన్న ఆయనకి ఎదురుచెప్పిన రోజు నేను చూడలేదు.

"ఒప్పుకున్నాను బాబూ" అన్నాడు నాన్న. "మా ఇంటామె ఒప్పుకోలేదు."

"తోట పెద్దమాలీవి నువ్వా, ఆమా?"

"తోట నాది బాబూ. ఇల్లు ఆమెది."

బల్లకి ఆ చివర ఎవరో గట్టిగా నవ్వేశారు. ఆ నవ్వు మిగిలినవాళ్ళకీ అంటుకుంది. ఘోషాల్ బాబు కర్ర నేలకి తాటించి ఆపుదామనుకుని, ఆపలేక, "మా ఇంట్లోనూ ఇదే వరస" అన్నాడు. మళ్ళీ బొమ్మ దగ్గరికి లాక్కుని చాలాసేపు చూశాడు. ఆరేసిన బట్టలు పచ్చికలోకి కనపడకూడదన్నాడు. కోళ్ళు పెంచకూడదన్నాడు. రెంటికీ సరేనన్నాం. కలం తీశాడు.

గేటు బయట బైరాగి మామ నా మొహం చూసి, అడగకుండానే ఇంకో నాలుగు టీలు చెప్పాడు.

*

కట్టినన్నాళ్ళూ ఆరు కుటుంబాలూ పాత రేకుల పందిరి కింద కాపురం ఉన్నాం. నాన్న సాయంత్రాలు మేస్త్రీ వెనకాలే తిరిగి స్తంభాలకి నీళ్ళు పట్టేవాడు. మరుసటి చలికాలానికి మందిరం లేచింది. శిశిర్‌దా పచ్చికలో నిలబడి, తల ఒకసారి ఇటూ ఒకసారి అటూ వంచి చూసి, "బాగానే వచ్చింది" అని ఊరుకున్నాడు. ఆయన నోట అది పెద్దమాటే.

ప్రారంభానికి ముఖ్య అతిథిగా ఒక పెద్దావిడ వస్తున్నారు. మొక్కల శాస్త్రం పాఠాలు చెప్పి చెప్పి తల నెరిసిపోయిన మనిషి. మెట్ల మీద డాలియాలు నాన్న చెప్పినట్టే వరసల్లో నిలిచాయి. బ్యాండువాళ్ళు సిద్ధంగా ఉన్నారు. నాన్న ఉతికిన చొక్కా తొడుక్కుని, చేతిలో బంతిపూల దండతో గేటు దగ్గర నిలబడ్డాడు. ఘోషాల్ బాబు గడియారం చూసుకుంటున్నాడు. అతిథి మాత్రం రాలేదు. పెద్దరోడ్డు మీద ఏదో ఊరేగింపు, బళ్ళన్నీ నిలిచిపోయాయని ఎవరో చెప్పారు.

నాకెందుకో అనుమానం వచ్చి, పక్కదారిన సందు వైపు వెళ్ళాను.

కారు మా వసారా ముందే ఆగి ఉంది. ఊరేగింపు తప్పించుకోవడానికి డ్రైవరు సందులోకి తిప్పాడట. తెల్లటి స్తంభాలు కనపడగానే ఇదేనని ఆపేశాడట. పెద్దావిడ మా మడత కుర్చీలో కూర్చుని ఉంది. అమ్మ అప్పుడే బడి నుంచి వచ్చినట్టుంది, ఆయా చీర కూడా మార్చలేదు. ఇద్దరూ ఏదో పెరటి కబుర్లు చెప్పుకుంటున్నారు. ఆవిడ చేతిలో మా స్టీలు గ్లాసు. గ్లాసులోంచి ఆవిరి లేస్తోంది.

నన్ను చూసి ఆవిడ అడిగింది. "ఇది ముందువైపు కాదా అమ్మాయీ? నేను పొరపాటున వచ్చానా?"

నేను జవాబు చెప్పేలోగా అమ్మ అందుకుంది. "దుదికేఇ శామ్‌నే, మా." రెండువైపులా ముందే తల్లీ అని.

ఆవిడ తలెత్తి పైకప్పు దాకా చూసి, "అవును, అలాగే ఉంది" అంది.

నా వెనకే నాన్న దండ పట్టుకుని పరుగున వచ్చాడు. ఎవరో కారు సంగతి చెప్పినట్టున్నారు. ముఖ్య అతిథిని మా గుమ్మంలో చూసి, ఏం చెయ్యాలో తోచక ఉన్నచోటే నిలబడిపోయాడు.

"ఏటలా సూస్తావు?" అంది అమ్మ. "ఆ దండ ఆయమ్మకెయ్యి. ఏసీసి కూకో. నీకూ టీ పోస్తన్నాను."

నాన్న దండ వేసి, నమస్కారం పెట్టి, స్తంభానికి చేరగిలబడి మెట్టు మీద కూర్చున్నాడు. అతిథి వచ్చిందన్న కబురు అందినట్టుంది, గోడకి అవతల బ్యాండు మొదలైంది. అమ్మ ఇంకో గ్లాసు నింపింది.